మమకార నివారణ

ప్రేమించడం నేరమన్న సంగతి నక్కలబండ అటవీ సెక్షన్ ఆఫీసుకు మధ్యాహ్నం బస్సులో వచ్చింది. కండక్టరు ఆ కవరును సెక్షన్ ఆఫీసర్ చెంగల్రాయుడి చేతిలో పెట్టి, మారుమాట లేకుండా బస్సెక్కి పోయాడు.

చిత్తూరు జిల్లా కొసన, మూడు రాష్ట్రాలు మొహమొహాలు చూసుకునే చోట ఉంటుంది నక్కలబండ. ఏనుగులు ఏ రాష్ట్రం అనుమతీ అడక్కుండా అటూ ఇటూ తిరుగుతుంటాయి. అటవీ శాఖలో ఎవరి మీదైనా పైవాళ్లకు కోపం వస్తే వాళ్లను ఇక్కడికి పంపుతారు. చెంగల్రాయుడి మీద ఎవరికీ కోపం రాలేదు. తాత్కాలికమని చెప్పి పంపారు, తర్వాత మర్చిపోయారు. భార్య ఇంద్రాణి తిరుపతి ఆసుపత్రిలో నర్సు. మొగుడూ పెళ్లాలు పండగకో పబ్బానికో కలుసుకునే చుట్టాల్లా అయిపోయారు. తిరుపతికి బదిలీ కోసం అతను చెప్పులరిగేలా తిరిగాడు. శాలువా కప్పని నాయకుడు లేడు, కాళ్లావేళ్లా పడని అధికారి లేడు. అందరూ "చూద్దాం" అన్నారు. నిజంగానే ఏళ్ల తరబడి చూస్తూ ఉండిపోయారు.

ఇంతలో ఒక మామిడి తోట కంచెకు పారించిన కరెంటు తగిలి ఒక తల్లి ఏనుగు చచ్చిపోయింది. పాలు మరవని పిల్ల దాని పక్కనే నిలబడి ఉంది. ఊరివాళ్లు తాళ్లు కట్టి, బతిమాలి, తోసి, దాన్ని నక్కలబండకు చేర్చారు. ఎప్పుడో మూతబడిన పట్టుపురుగుల షెడ్డు ఒకటి ఖాళీగా ఉంటే, దానికే "అనాథ గజ సంరక్షణ, పునరావాస కేంద్రం" అని బోర్డు కట్టి, చెంగల్రాయుణ్ణి బాధ్యుణ్ణి చేశారు. ఆ కేంద్రానికి పైన ఒక డైరెక్టరు, పేరు విఠల్‌ప్రసాద్. ఆయన అంతకుముందే ఏదో దేశంలో సదస్సుకు వెళ్లి, మనుషులకు మరీ మాలిమి అయిన ఏనుగు పిల్ల తిరిగి అడవిలో బతకలేదని విని వచ్చాడు. మాట నిజమే. నిజమైన మాటకు పట్టే దుర్గతి చూడాలంటే దాన్ని మన ఆఫీసుల్లో దేనికైనా అప్పగిస్తే చాలు.

కవరులో ఉన్నవి "మమకార నివారణ మార్గదర్శకాలు". సదరు గజానికి పేరు పెట్టరాదు. దాన్ని నిమరరాదు. పిలవరాదు. దాని కళ్లలోకి చూడరాదు. పాలు పట్టునప్పుడు సిబ్బంది ముఖమున ఎట్టి భావమూ లేకుండా, కార్యాలయ వేళల్లో అర్జీదారులను చూచు రీతిని చూడవలెను. ఇంతవరకూ చెంగల్రాయుడు ఆవలిస్తూ చదివాడు. ఆఖరి నియమం దగ్గర ఆవలింత సగంలో ఆగిపోయింది.

"సదరు గజము ఏ సిబ్బంది పట్లనైనను మమకారము కనబరచినట్లు రుజువైన యెడల, వారిని తక్షణమే నూరు కిలోమీటర్లకు తక్కువ కాని దూరమునకు, వారు కోరుకున్న స్థానమునకు, బదిలీ చేయవలెను."

తిరుపతి అంతకన్నా దూరమే. చెంగల్రాయుడు లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

కేంద్రానికి వంటమనిషి మునెమ్మ. ఏనుగు పిల్లకు రాగి జావ కాచేదీ, సిబ్బందికి సంగటి కెలికేదీ ఆవిడే. ఆమె గరిటె పట్టుకుని వచ్చి అతని వాలకం చూసింది.

"ఏం సార్, మొగం వెలిగిపోతా ఉండాది. ప్రమోషనా?"

"ప్రేమ, మునెమ్మా. ఈ ఏనుగు పిల్ల నన్ను ప్రేమించాల."

"తిరప్తిలో అక్కకు తెలుసునా ఈ సంగతి?"

అతను నియమం చదివి వినిపించాడు. విన్న మునెమ్మ మొహం మాత్రం పాలిపోయింది. ఆమె టమోటా మడి కేంద్రం గోడ పక్కనే ఉంది. నూరు కిలోమీటర్ల అవతలికి పొమ్మంటే మడినెవరు చూస్తారు? ఆనాటి నుంచి ఆమె కొంగు ముక్కుదాకా కప్పుకుని గానీ షెడ్డులోకి పోలేదు. జావ గిన్నె దించేటప్పుడు పిల్లను నానా తిట్లూ తిట్టేది. "నా దిక్కు చూసినావంటే చూడు. నీ తొండం పాడుగాను, అటు తిరుగు" అని కసిరి, అది అటు తిరిగినాక జావలో ఇంకో గరిటె పోసి వచ్చేది.

చెంగల్రాయుడు సరసం మొదలుపెట్టాడు. మొదటిరోజు గుప్పెడు గడ్డి చేతబట్టి, సినిమాల్లో చూసినట్టుగా చిరునవ్వుతో షెడ్డులోకి వెళ్లాడు. పిల్ల మూలకు నక్కి, చెవులు చాపి, అతన్ని కరెంటు కంచెను చూసినట్టు చూసింది. పాల సీసా చూపిస్తే తల తిప్పుకుంది. అలా రెండు పూటలు గడిచేసరికి పశువుల డాక్టరు హేమావతికి భయం పట్టుకుంది.

"తల్లి పొట్ట కింద తల దూర్చి తాగే అలవాటు సార్ దానికి. మీ మొహం చూపిస్తే ఎందుకు తాగుతుంది? పైనుంచి ఒక కంబళి వేలాడదీయండి. దాని కిందనుంచి సీసా పెట్టండి" అందామె.

అలాగే చేశారు. నల్ల కంబళి దూలానికి వేలాడింది. పిల్ల వచ్చి తొండం దాని మీద ఆనించి, కళ్లు మూసుకుని, గుటకలేస్తూ తాగింది. కంబళికి ఇవతల మోకాళ్ల మీద కూర్చుని సీసా పట్టుకున్న చెంగల్రాయుడికి పిల్ల నోరు తప్ప ఏమీ కనపడలేదు. పిల్లకు అతను బొత్తిగా కనపడలేదు. అయినా అతనికి గంపెడాశ కలిగింది.

వారం తిరిగేసరికి డైరెక్టరుగారు నియమించిన మమకార పరిశీలకుడు వచ్చాడు. బొద్దుగా, ముఖాన ఏ భావమూ లేకుండా, ఉద్యోగానికి సరిగ్గా సరిపోయిన మనిషి. షెడ్డు మూలన కుర్చీ వేసుకుని పొద్దంతా చూశాడు. చెంగల్రాయుడు ఆయన ముందే పిల్లను "బంగారూ" అని పిలిచాడు. నిమరబోయాడు. పిల్ల అతన్ని విదిలించుకుని కంబళి దగ్గరికి పోయి, దాని అంచు నోట్లో పెట్టుకుని నిలబడింది.

"సదరు గజము సదరు కంబళి యందు నిర్ద్వంద్వమైన మమకారము కనబరచుచున్నది" అన్నాడు పరిశీలకుడు.

"కంబళి సిబ్బంది కాదు గదా సార్" అన్నాడు చెంగల్రాయుడు, కడుపు మండి.

"ఈ కంబళి ప్రభుత్వ ఆస్తియా, కాదా?"

"ప్రభుత్వానిదే."

"ప్రభుత్వ పనిలో ఉన్నదా, లేదా?"

"ఉండాది."

"తన విధిని తాను సక్రమంగా నిర్వర్తించుచున్నదా, లేదా?"

"చేస్తానే ఉండాది సార్."

"మరి ఇంతకు మించి సిబ్బందికి ఉండవలసిన లక్షణము ఏది? మనవారిలో చాలామందికి ఇన్ని కూడా లేవు."

కంబళిని దూలం నుంచి దించి, మడిచి, సీలు వేసి, జీపులో వెనక సీటు మీద పడుకోబెట్టి అనంతపురం బదిలీ చేశారు. జీపు దుమ్ము రేపుకుంటూ పోతుంటే చెంగల్రాయుడికి ఏడుపొచ్చింది. ఒక్క నాయకుడి సిఫారసు లేకుండా, ఒక్క శాలువా కప్పకుండా, కంబళికి బదిలీ అయింది.

షెడ్డులో పిల్ల ఖాళీ దూలం కింద నిలబడి తొండంతో గాలిని తడుముతోంది. ఆ పూట పాలు ముట్టలేదు. చెంగల్రాయుడికి వేరే దారి తోచక, వెళ్లి కంబళి ఉండే చోట తనే నిలబడ్డాడు. పిల్ల చాలాసేపు వాసన చూసింది. తర్వాత మెల్లగా తొండం తెచ్చి అతని పొట్ట మీద ఆనించింది. ఇన్నేళ్ల నౌకరీలో పెరిగిన ఆ పొట్ట శాఖకు ఉపయోగపడటం అదే మొదలు. అతను చంక కింద నుంచి సీసా అందించాడు, అది తాగింది.

ఇంతలో కంబళి బదిలీ కథ జిల్లా అంతా పాకిపోయింది. ప్రేమిస్తే కోరుకున్న ఊరు ఇస్తారని తెలియగానే అటవీ శాఖలో అనాథ గజాల పట్ల ఎన్నడూ లేని కరుణ పొంగిపొర్లింది. చెక్‌పోస్టు గార్డులు సెలవు పెట్టి వచ్చారు. నర్సరీ మేస్త్రీలు వచ్చారు. జన్మలో అడవి మొహం చూడని డివిజన్ ఆఫీసు గుమాస్తాలు నక్కలబండకు డెప్యుటేషన్ వేయించుకుని మరీ వచ్చారు. అరటిగెలలు, బెల్లం దిమ్మెలు, చెరకు గడలు. ధనంజయులు అనే సీనియర్ అసిస్టెంటుకు మదనపల్లె కావాలి. అతను జ్యోతిష్కుడికి తన జాతకం చూపించి, ఏనుగుతో పొంతన కుదిరిందని రూఢి చేసుకుని వచ్చాడు.

"నాకూ దీనికీ గ్రహమైత్రి బెమ్మాండంగా ఉండాదప్పా. నువ్వు కొంచెం పక్కకు జరుగు" అన్నాడు చెంగల్రాయుడితో.

"వరసలో రా అన్నా. నీ ముందర పదిమంది ఉండారు."

షెడ్డు ముందు వరస కట్టి, వంతులవారీగా వలపులు ఒలకబోశారు. ఒకాయన పాట పాడాడు. ఒకాయన తన చిన్నప్పటి కష్టాలన్నీ చెప్పి గోడు వెళ్లబోసుకున్నాడు. అందరూ బెల్లం పెట్టారు. చెంగల్రాయుడు కూడా పోటీకి వెనకబడకూడదని ఓ అరటిపండు ఎక్కువే పెట్టాడు. పాలు, పల్చటి జావ మాత్రమే అరిగే ఆ పసికడుపు ఎంతని తట్టుకుంటుంది? పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. మర్నాటికి లేవలేక పక్కకు ఒరిగిపోయింది.

హేమావతి వచ్చి చూసి, వరసలో ఉన్నవాళ్లందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. "పాలు తాగే బిడ్డకు ఇదంతా పెట్టింది ఎవరు?" అని అడిగింది. అందరూ బెల్లం చేతులు వెనక దాచుకున్నారు. "ఇది బతకడం కష్టం" అని ఆమె అనగానే వరస కరిగిపోయింది. చచ్చిపోయే ఏనుగు ప్రేమతో ఎవరికేం పని? ధనంజయులు మిగిలిన బెల్లం సంచి కూడా జాగ్రత్తగా వెంట తీసుకుపోయాడు.

చెంగల్రాయుడు గేటుకు తాళం వేశాడు. చొక్కా విప్పి దాని పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు చెంచాలు చెంచాలుగా పట్టించాడు. ఇంద్రాణికి ఫోను చేసి ఏం చెయ్యాలో అడిగాడు. "చంటిబిడ్డ అనుకోండి. ఒంట్లో నీళ్లు తగ్గకుండా చూసుకోండి, ఒళ్లు చల్లబడనివ్వకండి" అంది ఆమె. అతను దాన్ని ఒళ్లో పెట్టుకోలేక, దాని ఒళ్లో తనే పడుకున్నాడు. మునెమ్మ కొంగు ముక్కుదాకా కప్పుకునే వచ్చి, వేడి ఇటుకలు గోనెలో చుట్టి వీపుకు ఆనించింది. "పాపా, లేయమ్మా" అన్నాడు చెంగల్రాయుడు ఎప్పుడో. పేరు పెట్టకూడదన్న నియమం అప్పుడతనికి గుర్తు రాలేదు. తిరుపతి కూడా గుర్తు రాలేదు.

పాప లేచింది. లేచి చేసిన మొదటి పని, అతని లుంగీ అంచు నోట్లో పెట్టుకోవడం. ఇక వదల్లేదు. అతను ఆఫీసులోకి పోతే ఆఫీసులోకి వచ్చేది, బాత్రూముకు పోతే తలుపు బయట నిలబడి తొండం సందులోంచి లోపలికి పెట్టేది. మునెమ్మ చూసి, "ఇంక మీకు తిరప్తి ఖాయం సార్" అంది.

ఖాయమే అయింది. పరిశీలకుడు ఇంకోసారి వచ్చి, తలుపు సందులోంచి దూరిన తొండాన్ని కళ్లారా చూసి, ఆమోదంగా తల ఊపి పోయాడు. మరో వారానికి మధ్యాహ్నం బస్సులో ఉత్తర్వు వచ్చింది. తిరుపతి. తక్షణం. అతని స్థానంలో, మళ్లీ ఆశలు చిగురించిన ధనంజయులు.

ధనంజయులు పాల సీసా పట్టుకుని నిలబడితే పాప అతన్ని చూడనైనా చూడలేదు. చెంగల్రాయుడు గేటు బయట జామచెట్టు చాటున దాక్కుని చూస్తున్నాడు. పొద్దున పాలు అలాగే ఉన్నాయి. సాయంత్రం పాలూ అలాగే ఉన్నాయి. హేమావతి అతని పక్కకు వచ్చి నిలబడింది.

"తల్లి పోయింది. కంబళి పోయింది. ఇప్పుడు మీరు. ఈసారి తట్టుకోదు సార్. పెద్దగుంపు ఒకటి రాగి కోతలప్పుడు ఇటు దిగుతుంది. అందులో కలిపేదాకా ఉంచితే చాలు. అందాకా ఎవరో ఒకరు, ఆ ఒకరే, ఉండాలి" అంది.

చెంగల్రాయుడు ఇంద్రాణికి ఫోను చేశాడు. ఉత్తర్వు వచ్చిందన్నాడు. చేరడం లేదన్నాడు. 

"ఎన్నేళ్లుగా ఎదురు చూస్తా ఉండానో తెలుసునా మీకు?" అంది ఆమె.

"తెలుసు ఇంద్రా."

"సవతి మనిషి అయ్యుంటే జుట్టు పట్టుకునుందును. దీనికి జుట్టు కూడా లేదు" అంది. తర్వాత, "పాలు తాగిందా?" అని అడిగింది.

"లేదు."

"అయితే ఫోను పెట్టి పోండి."

అతను లోపలికి పోయి పాలు పట్టి, మర్నాడు పట్నంలో డైరెక్టరుగారి గది ముందు నిలబడ్డాడు.

విఠల్‌ప్రసాద్ అతని అర్జీని రెండు వేళ్లతో పట్టుకున్నాడు. "బదిలీ కోరి వచ్చే అర్జీలు లక్షలు. వద్దని వచ్చినది ఇదే. మీ ఆరోగ్యం బాగున్నదా?"

"బాగానే ఉంది సార్. ఆ పిల్లకు నా మీద మమకారం లేదు సార్. పరిశీలకుడుగారు పొరబడినారు. అది బాత్రూము మీద మమకారం."

"అటులైన నిష్పాక్షిక నిర్ధారణ కమిటీ వేయవలసి యుండును. సదరు గజము యెదుట సమస్త సిబ్బందిని వరుసగా నిలబెట్టి, అది ఎవరిని సమీపించునో చూతుము. ఎవరినీ సమీపించని యెడల మీరు అక్కడనే కొనసాగవచ్చును."

కమిటీ వచ్చే రోజున చెంగల్రాయుడు తెలివిగా పనిచేశాడు. పొద్దున్నే పాపను వాగు ఒడ్డంతా తిప్పి, బురదలో పొర్లించి, అలిసిపోయాక పొట్ట పగిలేలా పాలు పట్టాడు. కమిటీ సభ్యులు టిఫిను ముగించి, షామియానా కింద కుర్చీల్లో సర్దుకుని, సిబ్బందిని వరసగా నిలబెట్టి ఈల వేసేసరికి, పాప మైదానం మధ్యలో అడ్డంగా పడి గురక పెడుతోంది. ఈల మళ్లీ వేశారు. ధనంజయులు ముద్దుముద్దుగా పిలిచాడు. పాప చెవి ఒకటి కదిలింది, ఈగ కోసం. కమిటీ భోజనాలు చేసి వచ్చి చూసింది. అలాగే ఉంది.

"అద్భుతం" అన్నాడు విఠల్‌ప్రసాద్. "సమస్త మానవజాతి పట్లను సంపూర్ణ ఉదాసీనత. ఇంతటి నిర్మమత్వం యోగులలో కూడా అరుదు."

చెంగల్రాయుడు తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. "అయితే సార్, నేనిక్కడే..."

"ఇక్కడ ఇక కేంద్రం ఎందుకు? మమకారం నశించినది గనుక పునరావాసం సంపూర్ణం. వచ్చే వారం గౌరవనీయ మంత్రివర్యుల అమృతహస్తాలతో అడవిలోకి విడుదల. పిమ్మట కేంద్రం మూసివేత."

చెంగల్రాయుడు ఆయన కుర్చీ దగ్గరికి ఉరికాడు. "సార్, అది పాలు తాగే పిల్ల. ఒంటరిగా అడవిలో వదిలితే మూడు రోజులు కూడా బతకదు. నేను లేకపోతే..."

"మీరు లేకపోతే?" విఠల్‌ప్రసాద్ కళ్లజోడు సవరించుకున్నాడు. "మీరు లేనిదే జీవించలేదని మీరు చెప్పినచో, మమకారం ఉన్నట్లు. మీకు నేడే బదిలీ. మమకారం లేదని చెప్పినచో, అది అడవి జంతువు. దానికి వచ్చే వారమే అడవి. రెండింటిలో ఏది వ్రాసుకొమ్మంటారు? ప్రభుత్వానికి దేనికైనా అభ్యంతరం లేదు."

రెండు దారులూ పాపను చంపేవే. మొదటి దారిలో తను తిరుపతిలో ఉంటాడు. రెండో దారిలో కనీసం దానికి దగ్గర్లో ఉంటాడు. "రెండోదే రాసుకోండి సార్" అన్నాడు.

విడుదల ఉత్సవం ఘనంగా జరిగింది. అడవి మొదట్లో రెండు చెట్ల మధ్య ఎర్ర రిబ్బను కట్టారు. అడవికి రిబ్బను కట్టడం సృష్టిలో అదే మొదలు కాబట్టి మంత్రిగారు ముచ్చటపడి కత్తిరించారు. "నేటి నుంచి ఈ గజం స్వతంత్రం" అన్నారు. టపాకాయలు పేల్చారు. పాప బెదిరిపోయి, తొండం ఎత్తి, దొరికిన సందులోంచి పొదల్లోకి పరిగెత్తింది. "సహజ ప్రవృత్తి, సహజ ప్రవృత్తి" అని విఠల్‌ప్రసాద్ చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. కారాబూందీ తిని, కార్లెక్కి పోయారు.

చెంగల్రాయుడు షామియానా విప్పేదాకా ఆగాడు. ఆ తర్వాత పాల క్యాను భుజాన వేసుకుని అడవిలోకి నడిచాడు.

ఏదో పెద్ద పథకం వేసి కాదు. పిల్ల ఆకలి మీద ఉందన్న ఒక్క బెంగతో పోయాడు. పెద్ద బండ చాటున వణుకుతూ దొరికింది. అతని పొట్టకు తల ఆనించి సీసా ఖాళీ చేసింది. దాన్ని వదిలి వెనక్కి రావడానికి కాళ్లు రాలేదు. అప్పుడు తోచిందతనికి. అటవీ శాఖ వాళ్లెవరూ చూడని చోటు భూమ్మీద ఒక్కటే ఉంది, అది అడవి. ఇన్నేళ్ల సర్వీసులో ఏ పై అధికారీ రోడ్డు దిగి లోపలికి అడుగు పెట్టడం అతను చూడలేదు. అన్నిటినీ మించి, ఈ అడవిలో తిరగడం అతని ఉద్యోగమే.

అలా చెంగల్రాయుడు మొట్టమొదటిసారి నిజంగా ఉద్యోగం చెయ్యడం మొదలుపెట్టాడు. పగలంతా పాపతో వాగుల వెంట తిరిగాడు. వెదురు ఎలా పీకాలో అతనికి తెలియదు, దానికీ తెలియదు. ఇద్దరూ కలిసి పీకి, ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. మునెమ్మ పూటపూటా వాగు ఒడ్డుకు క్యాను తెచ్చి పెట్టేది. పాప ఎదురుగానే ఉన్నా అటు చూడకుండా, "నేనేం దీనికి పాలు పోయడంలేదు సార్. బట్టలుతకను వచ్చి క్యాను మర్చిపోయి పోతా ఉండా" అనేది. ఇంద్రాణి ఆసుపత్రి నుంచి ఉప్పు పొట్లాలు బస్సులో పంపింది. ఫోను చేస్తే ముందు పాప సంగతే అడిగేది, తర్వాత తిట్టేది.

రాగి కంకులు పండాయి. ఒక సాయంత్రం గుంపు దిగింది. ముందు దుమ్ము, తర్వాత కొమ్మలు విరిగే చప్పుడు. చెంగల్రాయుడు బండ చాటున పాప పక్కన నిలబడ్డాడు. ముసలి ఆడ ఏనుగు ఒకటి ఆగి, తొండం ఎత్తి గాలి వాసన పట్టింది. గొంతులో ఏదో గురగురమంది. పాప చెవులు విప్పారాయి. నాలుగడుగులు ముందుకు వేసింది. ఇంకో నాలుగు వేసింది. ముసలిది కదలకుండా నిలబడి చూస్తోంది.

అప్పుడు పాప గిరుక్కున తిరిగి, పరుగున వచ్చి, తొండం తెచ్చి అతని పొట్ట మీద ఆనించింది.

చెంగల్రాయుడు దాన్ని తోశాడు. కదల్లేదు. "పోమ్మా, వాళ్లు పోతారు" అన్నాడు. లుంగీ అంచు నోట్లో పెట్టుకుంది. గుంపు మెల్లగా మళ్లుతోంది. అతను లుంగీ లాక్కున్నాడు. వంగి మట్టిపెళ్ల తీసుకుని దాని నుదుటి మీద కొట్టాడు. పాప అర్థంకాక అతన్ని చూసింది. ఇంకో పెళ్ల తీసుకుని ఇంకా గట్టిగా కొట్టాడు. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. అవన్నీ మునెమ్మ తిట్లే, అయితే ఆవిడలా తిట్టి జావ పొయ్యడానికి అతని దగ్గర ఇంకేమీ లేదు. పాప ఒక్కో అడుగే వెనక్కి వేసింది. ముసలిది ఎదురొచ్చి, తొండంతో దాని వీపు తడిమి, కాళ్ల మధ్యకు లాక్కుంది. చూస్తుండగానే గుంపంతా చీకటి పొదల్లో కలిసిపోయింది. చెంగల్రాయుడు బండకు జారగిలబడి పసివాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అతని బతుకులో అంత మంచి పనీ అంత పాడు పనీ ఇంకోటి లేదు.

అడవిలోంచి బయటికి వచ్చేసరికి అతని కోసం మెమో కాచుకుని ఉంది. డైరెక్టరుగారి గదికి పిలుపు. పరిశీలకుడు పక్కనే నిలబడి చదివాడు.

"సెక్షన్ ఆఫీసర్ శ్రీ చెంగల్రాయుడు కార్యాలయ వేళల్లో, ఎట్టి అనుమతియు లేకుండా, దీర్ఘకాలము అడవియందు సంచరించినట్లు తెలియవచ్చినది. అటవీ శాఖ ఉద్యోగికి అడవిలో ఏమి పనియో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

చెంగల్రాయుడు ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాడు.

"మౌనం అంగీకారమే" అన్నాడు విఠల్‌ప్రసాద్. "క్రమశిక్షణా చర్యగా మిమ్మల్ని తిరుపతికి బదిలీ చేయుచున్నాము. అడవికి దూరంగా, ఆఫీసులో, బుద్ధిగా కూర్చోండి." తర్వాత గొంతు మెత్తబడింది. "పోనివ్వండి. మన గజం ఒక గుంపులో తిరుగుచున్నట్లు రైతులు చెప్పుచున్నారు. ఏ మానవుడి సహాయమూ లేకుండా! మన నియమావళి ఇప్పుడు దేశానికే ఆదర్శం. మీరు అడవిలో ఉన్నారు గనుక ఒక్క విషయం ధ్రువపరచండి. అది మిమ్మల్ని చూచినప్పుడు ఏమి చేసినది?"

"పారిపోయింది సార్."

"మమకారం?"

"లేదు సార్."

"మీకు?"

చెంగల్రాయుడు తలెత్తి చూశాడు. విఠల్‌ప్రసాద్ అప్పటికే కాగితాలు తిరగేస్తున్నాడు. "ఆఁ, సిబ్బంది మమకారానికి నియమావళిలో గడి లేదు. లేనట్టే లెక్క" అని, కలం అతని వైపు జరిపాడు.

అతను సంతకం పెట్టాడు. అందులో రాసినదంతా అబద్ధం. సరిచూడటానికి అడవిలోకి ఎవరూ పోరని అతనికి తెలుసు.